బ్యాడ్‌ల్యాండ్స్‌లో ఒక్కరోజు నడక: ముందు మట్టి సంగతి తెలుసుకుందాం

(అమెరికాలోని బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్కుకి జూన్ ట్రిప్ వెళ్ళే ముందు మిన్నియాపోలిస్‌లో మనవాళ్ళం కలిసినప్పటి మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. మొదలెట్టే ముందు ఒక చిన్న పని. ఇదిగో, ఈ టేబుల్ మీద రెండు సీసాలు పెట్టాను, రెండిట్లోనూ మామూలు కుళాయి నీళ్ళే. ఒకదాంట్లో గుప్పెడు ఇసుక వేస్తున్నా. రెండోదాంట్లో ఈ పొడి రెండు చెంచాలు. దీన్ని బెంటొనైట్ అంటారు, ఒక రకం బంకమట్టి, షాపులో కొన్నాను. పిల్లుల్ని పెంచుకునేవాళ్ళ ఇళ్ళల్లో ట్రేలో పోస్తారు చూడండి, తడి తగలగానే ఉండ కట్టేస్తుంది, అది కూడా ఈ జాతి మట్టే. పార్కు నించి మాత్రం తేలేదు, అక్కణ్ణించి గులకరాయి కూడా తేకూడదు, ఆ సంగతి తర్వాత చెప్తాను. బాబూ, ఎర్ర టీషర్ట్, నువ్వు ఇలా రా నాన్నా. రెండు సీసాలూ మూతలు బిగించి గట్టిగా ఊపు. ఇంకా ఊపు. చాలు చాలు, అక్కడ పెట్టెయ్. చివర్లో చూద్దాం.

మీలో చాలామంది ఆ పార్కు రోడ్డు మీద వెళ్ళే ఉంటారు. మౌంట్ రష్‌మోర్ చూడ్డానికి పోతూ దార్లో లూప్ రోడ్ ఎక్కి, రెండు మూడు ఓవర్‌లుక్‌ల దగ్గర, అంటే ఆగి చూసే చోట్ల, కారు ఆపి, ఫోటోలు తీసుకుని, వాల్ అనే ఊళ్ళో ఐస్‌క్రీమ్ తిని వెళ్ళిపోయాం అన్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగం హాలు. మేమూ మొదటిసారి అంతే చేద్దామనుకున్నాం. కానీ కారు దిగి నడిస్తే అది వేరే చోటు. ఆ నడకకి ఎలా తయారవ్వాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను సివిల్ ఇంజినీర్‌ని, పునాదుల కింద మట్టి పరీక్షలు చేయడం నా ఉద్యోగం, అందుకని నాకు తెలిసిన దారిలోనే చెప్తాను. ఆ నేల ఎలా తయారైందో అర్థమైతే ఎన్ని నీళ్ళు పట్టుకెళ్ళాలి, ఎప్పుడు బయల్దేరాలి, ఎప్పుడు మానెయ్యాలి, ఇవన్నీ ఎవరూ చెప్పక్కర్లేదు, మీకే తెలిసిపోతాయి.

సరే, ఆ నేల ఏంటి? సౌత్ డకోటా రాష్ట్రానికి నైరుతి మూల. అక్కడి ఆదివాసులు, లకోటా వాళ్ళు, దాన్ని మాకో సీచా అన్నారు, అంటే చెడ్డ నేల అని. తర్వాత బొచ్చు వ్యాపారానికొచ్చిన ఫ్రెంచి వాళ్ళు కూడా దాటడానికి కష్టమైన చెడ్డ భూములు అనే అన్నారు. రెండు భాషల వాళ్ళు, ఒకళ్ళకొకళ్ళు సంబంధం లేనివాళ్ళు, ఒకటే మాట ఎందుకన్నారు? ఇద్దరూ దాన్ని కాళ్ళతో దాటారు కాబట్టి. నీళ్ళు లేవు, నీడ లేదు, వానొస్తే కాలు నిలవదు. మనం కారు అద్దంలోంచి చూసి ఎంత బావుందో అంటాం, వాళ్ళు నడిచి చెప్పారు.

ఆ గుట్టల్ని చూస్తే పొరలు పొరలుగా కనిపిస్తాయి కదా. అడుగున నల్లటి పొర సముద్రం బురద, దాదాపు ఏడు కోట్ల ఏళ్ళనాటిది, అప్పుడు ఈ ఖండం మధ్యలో సముద్రం ఉండేది. ఆ సముద్రం పోయాక బురద పైభాగం మట్టయి పసుప్పచ్చగా మారింది, ఎల్లో మౌండ్స్ అని చూస్తారే, అవి అవే. దాని మీద 3 కోట్ల 70 లక్షల ఏళ్ళ కిందట నించి నదులు తెచ్చి పోసిన ఒండ్రు, ఆ పైన ఇంకో పొర, మధ్యలో ఎర్రటి చారలు. ఆ ఎర్ర చారలు ఒకప్పటి నేలలు, వాటి మీద చెట్లూ చేమా మొలిచాయి, జంతువులు తిరిగాయి. ఇంకా పైన 3 కోట్ల ఏళ్ళనాటి అగ్నిపర్వతం బూడిద, తెల్లగా కనిపిస్తుంది. మొత్తం మీద అది రాయి అనుకుంటాం గానీ, చాలా వరకు సరిగా గట్టిపడని మట్టీ బూడిదా.

ఈ కోత మొదలైంది ఎప్పుడో కాదు, సుమారు 5 లక్షల ఏళ్ళ కిందట. ఏడాదికి సుమారు ఒక అంగుళం అరిగిపోతోందని లెక్క. పక్కనే ఉన్న బ్లాక్ హిల్స్ గ్రానైట్‌కి అదే అంగుళం అరగడానికి 10 వేల ఏళ్ళు పడుతుంది. తేడా చూడండి. విశాఖపట్నం వైపు వాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆఁ, మీకు తెలుసు. భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు, వాన నీళ్ళు కోసేసిన ఆ సందులు, ఆ శిఖరాలు. కాలేజీలో ఉన్నప్పుడు మమ్మల్ని ఫీల్డ్ ట్రిప్‌కి తీసుకెళ్ళి ఇదే బ్యాడ్‌ల్యాండ్ టోపోగ్రఫీ అని చూపించారు మా సారు, ఆ మాట నేను మొదట విన్నది అక్కడే. అది ఇసుక, ఇది బంక. కోత ఒకటే, కాలికింద మాత్రం పూర్తిగా తేడా.

బంక అంటే ఎలాంటి బంక? మా అమ్మమ్మగారి ఊరు సత్తెనపల్లి దగ్గర, అంతా నల్లరేగడి. రేగడి చేలో నడిచినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఎండాకాలం కాలు ఇరుక్కునేంత బీటలు, ఒక్క వాన పడితే చెప్పు ఊడొస్తుంది గానీ కాలు ఊడిరాదు. ఆ రేగట్లో ఉండే బంక, బ్యాడ్‌ల్యాండ్స్ మట్టిలో ఉండే బంక ఒకే కుటుంబం, మాంట్‌మోరిల్లొనైట్ అంటాం. నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అందుకే రేగట్లో కట్టిన ఇళ్ళ గోడలు పగుళ్ళిస్తాయి. అందుకే అక్కడ గుట్టల మీద ఎండినప్పుడు దగ్గరగా వంగి చూస్తే నేలంతా పేలాలు పరిచినట్టుంటుంది, చిన్న చిన్న ఉండలు, లోపల డొల్ల. వేలితో నొక్కితే పొడి అయిపోతుంది. పిల్లలూ, మీరు వెళ్ళినప్పుడు తప్పకుండా చూడండి, మోకాళ్ళ మీద కూర్చుని మొహం నేలకి దగ్గరగా పెట్టి చూడండి. ఏటవాలు మీద ఆ పేలాల మీద అడుగేస్తే బాల్ బేరింగ్‌ల మీద అడుగేసినట్టే, ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు తెలుస్తుంది. అది ఎండినప్పటి సంగతి. తడిసినప్పటి సంగతి మాకు జరిగిందే చెప్తాను.

మా మొదటి ట్రిప్, జూలై నెల, మధ్యాహ్నం రెండింటికి. శాడిల్ పాస్ అని ఒక చిన్న దారి ఉంది, పావు మైలే, నిటారుగా ఎక్కితే పైన గడ్డిమైదానంలోకి తీసుకెళ్తుంది. పావు మైలే కదా అని నలుగురికి కలిపి రెండు చిన్న వాటర్ బాటిల్స్ తీసుకుని ఎక్కేశాం. పైకెళ్ళాక ఆ మైదానం చూసి పిల్లాడు పరిగెత్తాడు, వాడి వెనక మేం, అలా ముప్పావుగంట. పడమట ఒక మబ్బు ఉంది, చూశాం కూడా, దూరంగా ఉందనుకున్నాం. అక్కడ అడ్డంగా చెట్టూ లేదు కొండా లేదు కాబట్టి దూరంగా ఉన్న మబ్బు ఎంత దూరంలో ఉందో తెలీదు. ఇరవై నిమిషాల్లో మీదకొచ్చేసింది. పావుగంట వాన, అంతే, పావుగంట. మళ్ళీ ఎండ. కానీ ఆ పావుగంటకి శాడిల్ పాస్ దారి సబ్బు రాసినట్టయిపోయింది. ఒక్కో షూకి కేజీ కేజీన్నర మట్టి, గీకితే నాలుగు అడుగుల్లో మళ్ళీ అంతే. మా ఆయన జారితే చీలమండ మడతపడింది. పావు మైలు దిగడానికి రెండు గంటలు పట్టింది, కూర్చుని, పాకుతూ, పిల్లాణ్ణి మధ్యలో పెట్టుకుని. నీళ్ళెప్పుడో అయిపోయాయి. కింద కనిపిస్తోంది మా కారు, కళ్ళెదుట, అందులో ఐస్‌బాక్స్ నిండా నీళ్ళున్నాయి. ఆ రెండు గంటలు నేనింతవరకు మర్చిపోలేదు, పిల్లాడు నోరెండిపోయి అమ్మా నీళ్ళు అంటుంటే కింద కారు వైపు చూడ్డం.

అందుకే నేను ప్లాన్ అనగానే ముందు నీళ్ళ గురించి చెప్తాను. పార్కు వాళ్ళు ఏం చెప్తారంటే రెండు గంటల నడకకి మనిషికి రెండు క్వార్ట్‌లు, అంటే దాదాపు రెండు లీటర్లు. నాలుగు గంటల నడకయితే నాలుగు లీటర్లు, మనిషికి. నాలుగు కేజీల బరువు. ఎక్కువ అనిపిస్తుంది కదూ? ట్రెయిల్ మీద ఎక్కడా తాగేనీళ్ళు లేవు. బెన్ రైఫెల్ విజిటర్ సెంటర్‌లో నింపుకుని బయల్దేరాల్సిందే. మొన్న ఒకాయన ఫోన్ చేసి అడిగారు, ఆయన ఇక్కడే ఉన్నట్టున్నారు, అక్కా ఫిల్టర్ కొంటాను, వాగులో నీళ్ళు వడకట్టుకోవచ్చు కదా అని. వాగులో నీళ్ళున్నా పనికిరావు తమ్ముడూ. ఆ బంక రేణువులు ఎంత సన్నవంటే ఫిల్టర్ నిమిషాల్లో మూసుకుపోతుంది. కింద పారే నదికి వైట్ రివర్ అని పేరెందుకొచ్చింది? ఆ తెల్ల మట్టీ బూడిదా కలిసి పాలలా పారుతుంది కాబట్టి.

నీళ్ళని మూడు వాటాలు వేసుకోండి. ఒక వాటా పోవడానికి, ఒక వాటా రావడానికి, మూడోది ముట్టుకోకూడదు. మొదటి వాటా అయిపోయిందా, ఎక్కడున్నా సరే అక్కడే వెనక్కి తిరగాలి, ఇంకో మలుపు చూసొద్దాం అనకూడదు. వట్టి నీళ్ళే తాగుతూ ఉంటే చెమటతో పోయిన ఉప్పు రాదు, కాబట్టి ఒక సీసాలో నిమ్మరసం ఉప్పు పంచదార కలుపుకోండి, లేదా ఓఆర్ఎస్ ప్యాకెట్లు. తిండికి పులిహోర బ్రహ్మాండంగా ఉంటుంది, చింతపండు పులిహోర, ఎండకి పాడవదు. పెరుగన్నం మాత్రం కారులో ఐస్‌బాక్స్‌లో ఉంచండి, నడకయ్యాక తిందాం. వేరుశనగ చిక్కీ జేబులో పెట్టుకోండి.

ఇప్పుడు దారి. మనం వెళ్ళేది జూన్ రెండో వారం, ఐదు కార్లు, పెద్దవాళ్ళున్నారు, చిన్నపిల్లలున్నారు, ఇండియా నించి వచ్చిన అమ్మానాన్నలు అత్తమామలు ఉన్నారు. అందరికీ ఒకే దారి కుదరదు. కానీ అందర్నీ ఒకే చోట కలపొచ్చు, అది ఎలాగో చెప్తా.

అక్కడ క్యాజిల్ ట్రెయిల్ అని ఒకటుంది, పార్కులో గుర్తులు పెట్టిన దారుల్లో అదే పొడుగు, ఒకవైపు 5 మైళ్ళు. ఒక కొస డోర్, విండో ట్రెయిల్స్ ఉన్న పార్కింగ్ దగ్గర, అది తూర్పు. రెండో కొస ఫాసిల్ ఎగ్జిబిట్ ట్రెయిల్ దగ్గర, అది పడమర. వెళ్ళిరావాలంటే 10 మైళ్ళు. మనకి 10 మైళ్ళు వద్దు. మనకి కార్లు చాలా ఉన్నాయి కదా, తెల్లారి రెండు కార్లు తీసుకెళ్ళి ఫాసిల్ ఎగ్జిబిట్ దగ్గర వదిలేసి, మిగతా వాటిల్లో అందరం డోర్ పార్కింగ్‌కొచ్చి, అక్కణ్ణించి పడమటికి నడుద్దాం. పడమటికే ఎందుకు? పొద్దున్న ఎండ వీపు మీద పడుతుంది, కళ్ళల్లో పడదు. ముందున్న గుట్టల మీద వెలుతురు కూడా అప్పుడే బావుంటుంది. మధ్యలో మెడిసిన్ రూట్ అని ఒక దారి చీలి మళ్ళీ క్యాజిల్‌లోనే కలుస్తుంది. చాలామంది క్యాజిల్ మీదే తిన్నగా పోతారు, గుట్టల పక్కనే కాబట్టి. మనం మెడిసిన్ రూట్ మీంచి పోదాం, అది గడ్డిమైదానం మధ్యలోంచి. అంతా కలిపి ఐదున్నర మైళ్ళు వేసుకోండి. దాదాపు చదునే, శాడిల్ పాస్ లాంటి ఏటవాలు దిగక్కర్లేదు. ఆగుతూ, చూస్తూ, నాలుగు గంటలు.

పెద్దవాళ్ళు? వాళ్ళు తొమ్మిదిన్నరకి నెమ్మదిగా ఫాసిల్ ఎగ్జిబిట్ దగ్గరకి కారులో వచ్చేస్తారు. అది చెక్కల బాట, పావు మైలు, చదును, మోకాళ్ళ నొప్పులున్నా పర్వాలేదు. పోయినేడు మా అత్తగారు చేతికర్ర పట్టుకుని మొత్తం తిరిగారు, ప్రతి బొమ్మ దగ్గరా ఆగి, ఇది గుర్రమా, ఇంత చిన్నదా, మూడు వేళ్ళా అని అడుగుతూ. నిజంగానే అప్పటి గుర్రానికి కాలికి మూడు వేళ్ళు. మనం అటు వైపు నించి నడిచి వచ్చేసరికి వాళ్ళక్కడ ఉంటారు. పులిహోర డబ్బాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి.

టైమ్ సంగతి ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇక్కణ్ణించి ఐదొందల మైళ్ళ ప్రయాణం, శుక్రవారం పొద్దున్నే బయల్దేరాలి. ఐ-90 హైవే మీద మర్డో ఊరు దాటాక టైమ్ జోన్ మారుతుంది, గంట వెనక్కి. ఫోన్‌లు వాటంతటవే మార్చుకుంటాయి, చేతి గడియారాలు మార్చుకోవు. జూన్‌లో అక్కడ ఐదూ పది కల్లా సూర్యుడు వచ్చేస్తాడు. మనం ఆరింటికల్లా నడక మొదలెట్టాలి. పదింటికి అయిపోవాలి. ఎందుకంత పట్టు? పది దాటితే ఆ తెల్ల మట్టి ఎండని తిప్పి మన మొహం మీదకే కొడుతుంది, నీడ అన్నమాట లేదు. రెండోది, పిడుగుల వానలు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాత వస్తాయి, జూన్ అక్కడ అన్నిటికన్నా ఎక్కువ వాన పడే నెల. ఆ మైదానంలో మనకంటే ఎత్తయినది ఏదీ ఉండదు, పిడుగుకి మనమే కనిపిస్తాం. ఉరుము వినిపిస్తే గట్టు మీదున్నవాళ్ళు కిందకి దిగిపోవాలి, గుంపుగా నించోకూడదు.

రాత్రి వాన పడితే? ఇది అడగండి నన్ను. రాత్రి వాన పడితే క్యాజిల్ ట్రెయిల్ మానేస్తాం. ఐదొందల మైళ్ళు వచ్చాం కదా అని ఎవరూ బతిమాలొద్దు. చెక్కల బాటలున్న చోట్లకే వెళ్దాం, విండో, ఫాసిల్ ఎగ్జిబిట్, డోర్ ట్రెయిల్ మొదటి ముక్క. మధ్యాహ్నానికి గాలికీ ఎండకీ ఆరితే అప్పుడు చూద్దాం. ముందురోజు సాయంత్రం విజిటర్ సెంటర్‌లో రేంజర్‌ని అడిగితే వాళ్ళే చెప్తారు దారి ఎలా ఉందో. ఇక నాచ్ ట్రెయిల్ గురించి కుర్రాళ్ళు అడుగుతున్నారు, దుంగల నిచ్చెన ఎక్కి గట్టు అంచు మీద నడిచేది, ఇన్‌స్టాలో చూశారట. ఒకటిన్నర మైలు రానూపోనూ. పొడిగా ఉంటే, ఎత్తంటే భయం లేకపోతే, ఆదివారం పొద్దున్న తీసుకెళ్తాను. తడిగా ఉంటే లేదు.

ఇప్పుడు గడ్డి గురించి. ఇది నేను ఎప్పుడు చెప్పినా జనం ఫోన్‌లు తీస్తారు, కాస్త వినండి. ఆ పార్కు మొత్తం 2 లక్షల 44 వేల ఎకరాలు, అందులో గుట్టలే కాదు, చాలా భాగం గడ్డే. ఎత్తు గడ్డీ పొట్టి గడ్డీ కలిసి పెరిగే ప్రెయిరీ. మన కళ్ళు రంగు గుట్టల మీదకే పోతాయి, గడ్డి ఏముందిలే అనుకుంటాం. మెడిసిన్ రూట్ మీద రెండోసారి వెళ్ళినప్పుడు నేను పక్కన కూర్చుండిపోయాను, కాళ్ళు నొప్పెట్టి. కూర్చున్నాక చూస్తే పక్కనే సన్నటి కాడ, దాని కొసన పక్కకి వంగిన ఒక కంకి, అచ్చం కనురెప్ప వెంట్రుకల్లా. బ్లూ గ్రామా అంటారు. గాలికి అలాంటివి వేలు ఒకేసారి ఊగుతున్నాయి. మన వరి చేను కోతకొచ్చినప్పుడు గాలి తోలితే అలలు పోతాయి చూడండి, అదీ, కానీ కనుచూపు మేరా గట్టన్నది లేదు. ఎక్కడో మెడోలార్క్ పిట్ట అరుస్తోంది, వేణువు ఊదినట్టుంటుంది. అంతసేపూ నాకు గుట్టలు గుర్తు రాలేదు.

ఆ గడ్డికీ గుట్టలకీ సంబంధం ఉంది. మీరు నడుస్తుంటే అక్కడక్కడా బల్లలా చదునుగా ఒక దిమ్మ కనిపిస్తుంది, మనిషెత్తు ఉంటుంది, ఇంకొన్ని చాలా పెద్దవి, పైన గడ్డి, చుట్టూ అంతా కోసుకుపోయి బోసిగా. సాడ్ టేబుల్స్ అంటారు. చుట్టూ మట్టంతా వానకి కొట్టుకుపోతే ఆ ముక్క ఎందుకు మిగిలింది? పైన గడ్డి వేళ్ళు అల్లుకుపోయి పట్టుకున్నాయి కాబట్టి. ఒకప్పుడు నేల ఆ ఎత్తులో ఉండేది. ఆ దిమ్మ అంచున వంగి చూడండి, గడ్డి కింద వేళ్ళు కుచ్చులా వేలాడుతూ ఉంటాయి, పీచులా, దాంట్లో మట్టి ఇరుక్కుని ఉంటుంది. కాబట్టి దయచేసి వాటి అంచులెక్కి ఫోటోలు దిగొద్దు. అంచు విరిగితే మనిషి పడతాడు, అదొకటి, ఆ గడ్డి పోతే ఆ దిమ్మ కూడా పోతుంది.

గడ్డిలో ఇంకా ఏమున్నాయి? నాగజెముడు ఉంది, మన ఊళ్ళోలా కంచెలా పెరగదు, నేలకి అంటుకుని గడ్డిలో దాక్కుని ఉంటుంది, కూర్చునే ముందు చూసుకోండి. నేను చూసుకోకపోబట్టే చెప్తున్నా. ఫుల్ ప్యాంటు, మూసిన షూ, చెప్పులు వద్దు. పిడుదులు ఉంటాయి, నడకయ్యాక పిల్లల్ని చెవుల వెనక, మెడ మీద చూడాలి. గిలక పాములు, రాటిల్ స్నేక్ ఉంటుంది, తోక గిలక్కాయలా ఆడిస్తుంది, వినిపిస్తే ఆగిపోయి నెమ్మదిగా వెనక్కి రావాలి, కనిపించని బొరియలో, రాతి సందులో చెయ్యి పెట్టకూడదు. చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని నడిస్తే ఆ చప్పుడెలా వినిపిస్తుంది? తీసెయ్యండి.

అడవిదున్నలు, బైసన్. ఒకప్పుడు అక్కడ పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి, 1963లో మళ్ళీ తెచ్చి వదిలారు, ఇప్పుడు పెద్ద మంద అయింది. ఎక్కువగా పడమటి వైపు సేజ్ క్రీక్ దగ్గర కనిపిస్తాయి. మన గేదెలా మెత్తగా కనిపిస్తుంది, కదలదు, సెల్ఫీకి పక్కకెళ్తారు. గంటకి 30 మైళ్ళ పైన పరిగెడుతుందది. ఎంత దూరంలో ఉండాలో పిల్లలకి ఒక లెక్క: చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి, బొటనవేలు అడ్డం పెట్టు. వేలి వెనక దున్న మొత్తం దాక్కుంటే సరే, దాక్కోకపోతే నువ్వు దగ్గరికెళ్ళిపోయావని. ఏదీ, ఒకసారి అందరూ చెయ్యండి. నేను స్టేజ్ మీద దున్ననుకోండి. ముందు వరస వాళ్ళకి దాక్కోలేదు కదూ? వెనక్కెళ్ళాలి మీరు. సాయంత్రం రాబర్ట్స్ ప్రెయిరీ డాగ్ టౌన్‌కి వెళ్దాం, అవి కుక్కలు కాదు, ఉడత జాతి, బొరియ మీద నించుని కూస్తాయి. పల్లీలు పెట్టొద్దు, వాటి మీద ఉండే ఫ్లీ అనే చిన్న పురుగుల వల్ల ప్లేగు రావచ్చు.

ఇందాక గులకరాయి సంగతి చెప్తానన్నాను. 2010లో ఏడేళ్ళ పిల్ల, విజిటర్ సెంటర్ దగ్గరే, నేలలోంచి బయటికొచ్చిన ఎముక చూసింది. ముట్టుకోకుండా వెళ్ళి రేంజర్‌కి చెప్పింది. తీసి చూస్తే కత్తుల్లాంటి కోరలున్న పిల్లిలాంటి జంతువు పుర్రె, 3 కోట్ల ఏళ్ళ పైబడింది. ఏడాదికి అంగుళం అరుగుతోందన్నాను కదా, దానర్థం ప్రతి వానకీ కొత్త ఎముక బయటపడొచ్చు. ఆ పిల్ల దాన్ని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటే? ఏ పొరలో ఉందో తెలియకపోతే ఆ ఎముకకి వయసు చెప్పలేం. పిల్లలూ, మీకేదైనా కనిపిస్తే తాకొద్దు, ఫోటో తీసి, మ్యాప్‌లో ఎక్కడో గుర్తుపెట్టుకుని విజిటర్ సెంటర్‌లో చెప్పండి. ఎండాకాలం అక్కడ ల్యాబ్ ఉంటుంది, ఎముకల మీద మట్టి ఎలా గీకి తీస్తారో ఎదురుగా చూడొచ్చు. మధ్యాహ్నం ఎండలో మనం అక్కడే ఉంటాం.

ఆ విజిటర్ సెంటర్‌కి పేరున్న బెన్ రైఫెల్ లకోటా మనిషి, సౌత్ డకోటా నించి కాంగ్రెస్‌కి ఎన్నికైనాయన. ఇది కూడా చెప్పాలి. మనం సరదాగా నడిచే నేల ఖాళీ నేల కాదు. లూప్ రోడ్డులో బిగ్ ఫుట్ పాస్ అని ఒక ఓవర్‌లుక్ ఉంది, పిక్నిక్ బల్లలుంటాయి, అందరూ అక్కడ భోంచేస్తారు. 1890 డిసెంబర్ చలిలో బిగ్ ఫుట్ అనే లకోటా నాయకుడు, న్యుమోనియాతో ఉన్న మనిషి, ఆడవాళ్ళతో పిల్లలతో ఉన్న తన గుంపుని తీసుకుని ఆ గోడలాంటి గట్టు దిగి దక్షిణానికి వెళ్ళాడు. డిసెంబర్ 29న వూండెడ్ నీ దగ్గర సైన్యం వాళ్ళని కాల్చేసింది. నేను ఆ గట్టు పైన నించుని కిందకి చూసినప్పుడు నాకు మా పిల్లాడు, ఆ రెండు గంటలు గుర్తొచ్చాయి. మాకు కింద కారుంది. మనం అక్కడ ఓ పది నిమిషాలు ఆగుదాం, పిల్లలకి నేను చెప్తాను.

పార్కు దక్షిణం వైపు పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో ఉంటుంది, రిజర్వేషన్ అంటే ఆదివాసులకి కేటాయించిన భూమి, ఇది ఓగ్లాలా లకోటా వాళ్ళ నేల. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ళని ఖాళీ చేయించి బాంబులు వేసే ప్రాక్టీస్‌కి వాడారు, పేలనివి ఇంకా మట్టిలో ఉన్నాయి. ఉత్తరం వైపు గుర్తుల్లేని చోట కూడా నడవొచ్చు, పార్కు వాళ్ళు ఒప్పుకుంటారు. దక్షిణం వైపుకి మాత్రం మనం ఈసారి వెళ్ళట్లేదు. అనుమతి లేకుండా వాళ్ళ నేల మీద నడవకూడదు, ఇనుప ముక్క కనిపిస్తే ముట్టుకోకూడదు.

ఇంక చిన్న చిన్నవి గబగబా చెప్పేస్తాను. గదులు వాల్‌లో, కడోకాలో ఉన్నాయి, ఇంటీరియర్ అనే ఊళ్ళో కొన్ని, పార్కులో సెడార్ పాస్ దగ్గర క్యాబిన్‌లు, జూన్ కాబట్టి ఈ వారమే బుక్ చెయ్యండి. పెట్రోలు కడోకాలోనే నింపుకోండి. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, మన వాట్సాప్ లొకేషన్ అక్కడ పనిచెయ్యదు. కుక్కల్ని ట్రెయిల్స్ మీదకి రానివ్వరు, డ్రోన్ అస్సలు ఎగరెయ్యకూడదు. ప్రతి గుంపుకీ ఒకళ్ళు చివర నడవాలి, వాళ్ళ వెనక ఎవరూ ఉండకూడదు. దారి పొడుగునా గుర్తు స్తంభాలు పాతారు, ఒక స్తంభం దగ్గర నించుని తర్వాతిది కనిపించాకే కదలండి. బయల్దేరే ముందు పెద్దవాళ్ళతో ఉండేవాళ్ళకి ఒక మాట చెప్పి వెళ్దాం: పదకొండున్నరకి మేం రాకపోతే విజిటర్ సెంటర్‌కి వెళ్ళి చెప్పండి అని. ఆ టైమ్ కాగితం మీద రాసి వాళ్ళ చేతిలో పెడదాం, ఫోన్‌లో కాదు.

ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి. బాబూ, ఎర్ర టీషర్ట్, ఆ సీసాలు రెండూ పైకెత్తి అందరికీ చూపించు నాన్నా. ఇసుక వేసింది? మనం మాట్లాడ్డం మొదలెట్టగానే తేటపడిపోయింది, అడుగున ఇసుక, పైన శుభ్రంగా నీళ్ళు. రెండోది? ముప్పావుగంట దాటింది, మజ్జిగలా ఉంది ఇంకా. మా అమ్మమ్మ చెరువు నీళ్ళల్లో చిల్లగింజ అరగదీసి వేసేది, కాసేపటికి బిందె తేరుకునేది. మన దగ్గర అక్కడ చిల్లగింజ ఉండదు, కూర్చుని చూసేంత టైమూ ఉండదు. దీన్ని ఇక్కడే వదిలేస్తున్నా. భోజనాలయ్యాక వెళ్ళేటప్పుడు ఒకసారి చూసి వెళ్ళండి, అప్పటికీ ఇలాగే ఉంటుంది.